తొందర లేని యాట

ఆట యనగా పోటీయు, తొందరయు, గెలుపోటములును అని పెక్కుర యభిప్రాయము. దినమెల్ల గడియారము ననుసరించి పాటుపడు గృహిణికి మరల తొందరయే వినోదమగునా? చిన్న బృందములు నిర్మించు కొన్ని కంప్యూటరు ఆటలలో నీ బాధ లేదు.

వానిలో నొకటి, 2021లో ఆస్ట్రేలియా దేశపు బ్రిస్బేను నగరమునుండి వెలువడిన 'అన్‌ప్యాకింగ్'. ఇందొక స్త్రీ 1997 మొదలు 2018 వరకు ఎనిమిది మారులు క్రొత్తచోట సామాను సర్దుకొనును. పెట్టెలు విప్పి, గిన్నెలు, బట్టలు, పుస్తకములు తగుచోట నుంచుటయే మన పని. కాలనియమము లేదు, మార్కులు లేవు. పెట్టెలన్నియు విప్పిన పిమ్మట తప్పుచోట నున్న వస్తువుల చుట్టు నెఱ్ఱని గీత కనబడును, దిద్దుకొనిన చాలును. చెక్కపై నుంచిన నొక చప్పుడు, బట్టపై నుంచిన వేఱొక చప్పుడు. అదియు నొక హాయి.

కథను వస్తువులే చెప్పును. 2010లో ఆమె తన ప్రియుని యింట చేరును. గోడలన్నియు నతని వస్తువులతో నిండియున్నవి. ఆమె చదువు పట్టాను ఎచ్చటను తగిలించుటకు వీలులేక, తుదకు మంచము క్రింద నుంచవలసివచ్చును. 2012లో ఆమె పుట్టినింటికి మరలును. కారణ మెవ్వరును చెప్పరు. మన చేతులకే తెలియును.

తొందరపెట్టువారు లేనప్పుడే మనస్సు నిలుచును. నిలిచిన మనస్సునకే యిట్టివి కానవచ్చును. ఈ యాటలోని సుఖమిదియే.

సోదరీమణులారా! మీ యింట క్రొత్తకోడలు అడుగిడునపుడు, ఆమె పుస్తకములకు నొక బీరువాయు, ఆమె పట్టాకు గోడపై నొక చోటును ముందుగనే ఖాళీచేసి యుంచుడు.