పెట్రోలు వాసన పడకగదిలోకి వస్తోందా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక గృహిణి ఇలా రాశారు:

"డాక్టరు గారూ! మాకు 2003 నాటి మారుతీ 800 కారు ఉంది. మా మామగారు ముచ్చటపడి కొన్నది కాబట్టి అమ్మడానికి ఎవరికీ మనసు రావడం లేదు. ఆరునెలల క్రితం మెకానిక్ ఇంజన్ దగ్గరుండే నల్లటి డబ్బా ఒకటి తీసేసి, దానితో పనిలేదన్నాడట. అప్పటినుంచి సాయంత్రం కారు లోపల పెట్టగానే ఇంట్లోకి పెట్రోలు వాసన వస్తోంది. కారు పెట్టే చోటుకీ, మా అత్తగారి గదికీ మధ్య ఒక్క కిటికీయే అడ్డు. ఆవిడకు పొద్దున లేవగానే తలనొప్పి, వికారం. మావారేమో 'పాత బండన్నాక వాసన రాదా?' అని తీసిపారేస్తున్నారు. ఇది మెకానిక్‌ని అడగాల్సిన ప్రశ్న అని తెలుసు. కాని అత్తగారి తలనొప్పి సంగతి మీరే చెప్పాలి."

అమ్మా! మీరు అడగవలసిన చోటే అడిగారు. ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను.

మా నాన్నగారి బండి కూడా మారుతీ 800యే. ఆయన పోయాక అది నా దగ్గరికి వచ్చింది. ఒకసారి బండి నిలబెట్టినప్పుడు ఇంజన్ వణుకుతోందని మెకానిక్ దగ్గరికి తీసుకువెళ్ళాను. అతను ఆ నల్లడబ్బా చూపించి, "గిది ఎందుకు సార్, తీసేస్తే బండి మంచిగ ఉరుకుతది" అన్నాడు. నేను సరేనన్నాను. బండి వణుకు తగ్గింది. కొన్ని వారాలకు నాకు తలనొప్పి మొదలైంది. రక్తపోటు చూసుకున్నాను, బాగానే ఉంది. కళ్ళజోడు మార్చాను. నిద్ర చాలడం లేదనుకున్నాను. పుట్టింటికి వెళ్ళిన మా ఆవిడ పదిహేను రోజుల తరువాత తిరిగివచ్చి, గుమ్మంలో అడుగుపెడుతూనే "ఇల్లంతా ఈ పెట్రోలు కంపేమిటండీ?" అంది. నాకు ఏ వాసనా తెలియడం లేదు!

ఇక్కడ వైద్యపరంగా గమనించవలసిన విషయం ఒకటుంది. మన ముక్కు ఏ వాసనకైనా కొద్దిసేపట్లో అలవాటుపడిపోతుంది. వాసన తెలియనంత మాత్రాన ఆవిరి పోయినట్టు కాదు. అందుచేత ఇంట్లో పెట్రోలు వాసన ఉందో లేదో బయటినుంచి వచ్చినవారిని అడగాలి గాని, ఇంట్లో ఉన్నవారిని కాదు.

ఆ డబ్బాలో ఏముంది?

బొగ్గు ఉంది. మామూలు కుంపటి బొగ్గు కాదు. కోట్లాది సూక్ష్మరంధ్రాలు ఉండేలా తయారుచేసిన బొగ్గు. కొన్ని రకాల విషాలు మింగినవారికి ఆసుపత్రిలో మేము తాగించే నల్లపొడి కూడా ఈ జాతిదే. పొట్టలో విషాన్ని పట్టి ఉంచినట్టే ఈ బొగ్గు పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచుతుంది.

పెట్రోలుకు ఆవిరి కావడానికి పొయ్యి అక్కర్లేదు. ఎండకు ట్యాంకు వేడెక్కితే ఆవిరి బయటికి తోసుకొస్తుంది. రాత్రి చల్లబడితే బయటి గాలి లోపలికి వెళుతుంది. అంటే ట్యాంకు రోజూ ఊపిరి పీల్చి వదులుతుందన్నమాట. బండి నడిపి వచ్చి నిలిపిన మొదటి గంటలో, ఆ వేడికి ఆవిరి మరీ ఎక్కువ. ఈ ఆవిరి సన్నగొట్టం గుండా బొగ్గు డబ్బాలోకి వెళ్ళి అక్కడ ఆగుతుంది. మళ్ళీ బండి నడిచేటప్పుడు ఇంజన్ దాన్ని లోపలికి పీల్చుకుని కాల్చేస్తుంది. డబ్బా తీసేసి గొట్టం వదిలేస్తే ఆ ఆవిరి తిన్నగా మీ అత్తగారి కిటికీ దగ్గరికే వస్తుంది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో 1950ల ప్రాంతంలో హాగెన్ స్మిట్ అనే శాస్త్రవేత్త, లాస్ ఏంజెలెస్ మీద కమ్ముకునే కళ్ళుమండే పొగమంచుకు మోటారు బండ్ల నుంచి వచ్చే ఆవిర్లూ, పొగలూ, ఎండా కలిసి కారణమవుతున్నాయని తేల్చాడు. 1970 మోడలు కార్ల నుంచి అక్కడ ఈ ఆవిరిని ఆపే ఏర్పాటు తప్పనిసరి అయింది. మన పాత అంబాసిడర్లు, పద్మినీలు ఈ ఏర్పాటు లేకుండానే తిరిగాయి. ఈనాటి బి.ఎస్. 6 మోటారు సైకిళ్ళకు కూడా ఈ డబ్బా ఉంటోంది.

ఒంటికి ఏం చేస్తుంది?

పెట్రోలు ఆవిరి పీలిస్తే మొదట వచ్చేవి తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం, కళ్ళుమంట, గొంతు గరగర. ఎక్కువ మోతాదులో పీలిస్తే మత్తు కమ్ముతుంది, గుండె లయ తప్పవచ్చు. ఆ వాసన ఇష్టమని ట్యాంకు మూత దగ్గర ముక్కు పెట్టే పిల్లలను గట్టిగా వారించండి. ఇది హాస్యం కాదు.

రెండవది బెంజీన్. మన పెట్రోలులో ఇది నూటికి ఒక పాలుకు మించకూడదని ప్రమాణం. ఏళ్ళ తరబడి పీలిస్తే ఎముకల మూలుగను దెబ్బతీస్తుంది. రక్తకణాలు తయారయ్యేది అక్కడే. లియాన్ నగరంలో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థవారి కాన్సర్ పరిశోధన విభాగం 2025లో, మోటారు బండ్లలో వాడే పెట్రోలునే మనుషులకు కాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. మూత్రాశయ కాన్సర్, ఒక రకం రక్త కాన్సర్ విషయంలో సాక్ష్యం బలంగా ఉందని చెప్పింది. వర్గం అనేది సాక్ష్యం ఎంత గట్టిదో చెబుతుంది గాని, మీకు జబ్బు వస్తుందని జోస్యం చెప్పదు. నాలుగురోజులు వాసన చూసినందుకు బెంబేలు పడకండి. కాని గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు పడుకునే గదిలో ఈ ఆవిరి రోజూ ఉండటం ఏమాత్రం తగదు.

మన పేటల్లో మరో ప్రమాదం

చైతన్యపురి, కొత్తపేట, సరూర్‌నగర్ సందుల్లో పెరళ్ళున్న ఇళ్ళు పోయి అపార్టుమెంట్లు వచ్చాయి. ఎల్.బి.నగర్ వైపూ అంతే. కింద కార్లు, పైన కాపురాలు. ఆ కిందనే సంపు, నీళ్ళ మోటారు స్టార్టరు, కరెంటు మీటర్లు, ఒక మూల వాచ్‌మన్ కుటుంబం, వాళ్ళ పొయ్యి. పెట్రోలు ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు, నేలమీద పాకి పల్లంలో, సంపు గుంటలో చేరుతుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ళు ఉంటే చాలు, స్టార్టరు నొక్కినప్పుడు వచ్చే చిన్న రవ్వకు అంటుకుంటుంది. వాసన ఘాటుగా ఉన్నప్పుడు ఏ స్విచ్చీ వెయ్యకండి, ఆర్పకండి. ముందు తలుపులు, కిటికీలు తెరిచి అందరినీ బయటికి పంపండి. ఎక్కడ కారుతోందో చూద్దామని అగ్గిపుల్ల వెలిగించేవారు ఇంకా ఉన్నారు సుమండీ!

మరొక మాట. 2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ దాకా మెట్రో వచ్చాక చాలామంది కారును వారాల తరబడి కదపడం లేదు. బండి నడవకపోతే డబ్బాలోని బొగ్గు ఖాళీ కాదు. అది నిండిపోయాక ఆవిరి బయటికే వస్తుంది. కాబట్టి వారానికి ఒకసారైనా బండిని కాసేపు రోడ్డుమీద నడపండి.

ఏం చేయాలి?

1. తీసిన డబ్బాను తిరిగి పెట్టించండి. పాతది పాడైతే కొత్తది కొనండి. డబ్బా, గొట్టాలు, వాటి మధ్యనుండే వాల్వు మూడూ చూడాలి. వాల్వు చెడి తెరుచుకుని ఉండిపోతే ఇంజన్ వణుకుతుంది. నా బండిలో జరిగింది అదే. వాల్వు మారిస్తే పోయేదానికి డబ్బా మొత్తం తీయించాను. మెకానిక్ చూసిన లోపం నిజమే, చేసిన వైద్యం తప్పు.

2. డబ్బా తీస్తే మైలేజీ పెరుగుతుందన్నది భ్రమ. ఇంజన్‌లో కాలవలసిన ఆవిరి గాలిలో కలిసిపోతోందంటే అది మీ డబ్బులతో కొన్న పెట్రోలే. గొట్టాన్ని బిరడా పెట్టి మూసేయడం ఇంకా తప్పు. ట్యాంకుకు ఊపిరాడక బండి దారిలో ఆగిపోవచ్చు.

3. బంకులో గన్ను 'టక్' మని ఆగిన తరువాత రౌండ్ ఫిగరు కోసం ఇంకా పోయించకండి. ఎక్కువైన పెట్రోలు ద్రవరూపంలో డబ్బాలోకి వెళ్ళి బొగ్గును పాడుచేస్తుంది.

4. ట్యాంకు మూత రబ్బరు వాషరు, పెట్రోలు గొట్టాలు పగిలాయేమో ఏటా చూపించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళ వరకు ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరు దీనికోసం తయారైనది కాదు. మార్చేటప్పుడు ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలే అడిగి వేయించండి.

5. పుట్టుకతో డబ్బా లేని అంబాసిడర్, పద్మినీ ఉన్నవారు కొత్తగా పెట్టించనక్కర్లేదు. నాలుగువైపులా గాలి ఆడేచోట, పడకగదికి దూరంగా బండి పెడితే చాలు.

6. దొంగల భయంతో స్కూటరు, మోటారు సైకిలు రాత్రిపూట హాల్లో పెట్టుకునే అలవాటు మానండి. పక్కనే దీపారాధన, అవతల గ్యాస్ పొయ్యి ఉంటాయి.

7. మీ దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండవచ్చు. అది సైలెన్సరు పొగకే. ట్యాంకు ఆవిరి సంగతి అందులో ఉండదు.

నోటితో పెట్రోలు లాగకండి

ఆటోనగర్‌లోనూ, ఇళ్ళలోనూ ట్యాంకులో గొట్టం పెట్టి నోటితో పెట్రోలు లాగడం చూస్తూనే ఉంటాం. నీళ్ళసీసాలో దాచిన పెట్రోలును మంచినీళ్ళనుకుని తాగిన పిల్లలనూ చూశాను. పొట్టలోకి పోయినదానికంటే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోయిన ఒక్క గుటక ఎక్కువ హాని చేస్తుంది. అందుకని ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకూడదు. వాంతిలో అది మళ్ళీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇందాక చెప్పిన నల్లపొడిని సాధారణంగా మేము వీరికి ఇవ్వం. తడిసిన బట్టలు తీసేసి, ఒళ్ళు సబ్బునీళ్ళతో కడిగి, 108కి ఫోను చేయండి. దగ్గు, ఆయాసం వెంటనే లేకపోయినా కనీసం ఆరుగంటలు ఆసుపత్రిలో గమనించాలి. తరువాతి రోజుల్లో జ్వరం, దగ్గు వస్తే మళ్ళీ తీసుకురావాలి.

ఇక మీ అత్తగారి సంగతి

కారును ఈ రోజే బయట పెట్టండి. ఆవిడ మంచం వేరే గదిలో వేయండి. ఒక వారం పాటు పొద్దున తలనొప్పి ఉందో లేదో కాగితం మీద రాసి పెట్టండి. తగ్గితే కారణం దొరికినట్టే. తగ్గకపోతే కారు మీదే నెపం వేసి ఊరుకోకండి. పెద్దవయసులో పొద్దున లేచేసరికి తలనొప్పి అంటే రక్తపోటు, షుగరు, కళ్ళు చూపించాలి. చూపు మసకబారినా, కాలో చెయ్యో పట్టు తప్పినా, మాట తడబడినా వారం ఆగకూడదు, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

కిటికీ పక్కన ఇంజన్ నడుపుతూ ఉంచే అలవాటు ఉంటే అదీ మానండి. సైలెన్సరు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. గాలి ఆడని స్నానాలగదిలో గ్యాస్ గీజరు నుంచి వచ్చేదీ ఇదే.

మీవారికి నా మాటగా చెప్పండి. తండ్రిగారి బండిని భద్రంగా చూసుకోవడం మంచిదే. నేనూ చూసుకుంటున్నాను. డబ్బా తిరిగి పెట్టించాను, వాల్వు మార్పించాను, బండిని వాకిట్లోకి జరిపాను. నా తలనొప్పి పోయింది. కొత్త కళ్ళజోడు మాత్రం దండగ అయింది.