అన్ని బోల్టులు ఒకే డబ్బాలో వేయకండి

కిందటి నెల పింఛను కాగితాల గురించి రాసిన. ఈసారి పిల్లల పని గురించి. మిల్లులు మూతపడ్డాక మన షోలాపూర్ పేటల్లో మగ్గం పట్టని పిల్లలు చాలామంది గ్యారేజీల్లో చేరిన్రు. ఇప్పుడు పాత కార్లకు గిరాకి వచ్చింది. డబ్బున్నవాళ్ళు తాతల నాటి అంబాసిడర్‌ను బయటికి తీసి, ఇంజన్ మొత్తం విప్పించి మళ్ళీ చేయించుకుంటున్నరు. నా మేనల్లుడు పనిచేసే చోటికి కూడా అట్లాంటి మార్క్ టూ బండి వచ్చింది. 1489 సీసీ పెట్రోల్ ఇంజన్. వాడు పిలిస్తే వారం రోజులు పోయి కూర్చున్న.

నేను పోయేసరికి బ్లాకు ఒక దిక్కు, హెడ్డు ఒక దిక్కు. బోల్టులన్నీ ఒక రంగు డబ్బాలో గ్యాస్‌నూనెలో నానుతున్నయి. డైనమో బ్రాకెట్టువి, నీళ్ళ పంపువి, చైన్ కవరువి, సంపువి అన్నీ కలిసిపోయినయి. విప్పిన పిల్లోడు పని మానేసి పుణె పోయిండు. బిగించాల్సింది మావాడు. "ఏది ఎక్కడిదో ఎట్లా తెలుస్తది మామా?" అని తల పట్టుకున్నడు.

వాని భయానికి కారణం ఉన్నది. ఇంకో గ్యారేజీలో వాని దోస్తు బ్రాకెట్టు బిగిస్తుంటే పొడుగు బోల్టు పడింది. అది రంధ్రం అడుగుకు తగిలి ఆగింది. బ్రాకెట్టు ఇంకా వదులుగనే ఉంది కదా అని ఆ పిల్లోడు పానా మీద బలం వేసిండు. బ్లాకు చెవి పగిలింది. బీడు వంగదు, పగులుతది. ఆ ఖర్చంతా వాని జీతంలో కోసిన్రు. డబ్బాలో కలిపింది ఒకరు, జీతం పోయింది ఇంకొకరిది.

మేము మొదట ఒక పాత గోనెపట్టా పరిచి బోల్టులన్నీ దాని మీద పోసినం. వైరు బ్రష్షుతో తోమకముందే ఒక్కొక్కటి చూసినం. తోమితే సాక్ష్యం పోతది. తెల్లగ సున్నం పట్టిన బోల్టు నీళ్ళ పంపు దగ్గరిదో థర్మోస్టాట్ మూతదో అయి ఉంటది. నల్లటి జిగురు పట్టింది సంపుదో చైన్ కవరుదో. బోల్టు మీద తుప్పు ఎక్కడ ఆగి మెరుపు ఎక్కడ మొదలైందో ఆ గీత చూస్తే, అది పట్టిన బ్రాకెట్టు మందం దాదాపు తెలుస్తది. వాషర్ గుండ్రంగ వదిలిన మచ్చ బ్రాకెట్టు మీద కూడా ఉంటది. ఆ మచ్చకు సరిపోయే వాషర్ వెతికితే సగం పని అయినట్టే.

తరువాత మరచుట్లు. మరాఠీలో ఆటే అంటరు. ఇక్కడ పిల్లలు పానా సైజు చూసి బోల్టు ఏదో అనుకుంటరు, అది తప్పు. తల కొలత వేరు, మర వేరు. మా మిల్లులో లాంకషైర్ నుంచి వచ్చిన పాత మెషీన్లు ఉండేవి. వాటికి విట్‌వర్త్ మర. మాంచెస్టర్ జోసెఫ్ విట్‌వర్త్ 1841లో పెట్టిన కొలత అది. ఆ పానా మీద రాసి ఉండేది బోల్టు లావు, తల వెడల్పు కాదు. అంబాసిడర్ కూడా ఇంగ్లీషు వంశమే, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చింది. అయినా దాని ఇంజన్‌కి ఎక్కువగా యూఎన్ఎఫ్ మర ఉంటది. 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒప్పుకున్న కొలతల్లోది అది. 5/16 అంగుళం బోల్టుకు విట్‌వర్త్‌లో అంగుళానికి 18 చుట్లు, యూఎన్ఎఫ్‌లో 24. ఇక బజారులో దొరికే 8 మిల్లీమీటర్ల బోల్టు చూపుకి 5/16 లాగనే ఉంటది. రెండు మూడు చుట్లు ఎక్కి పట్టేస్తది. అక్కడ బలం వేస్తే రంధ్రంలో మర ఖరాబు.

గేజి లేకున్నా తేల్చవచ్చు. తెలిసిన బోల్టు పక్కన తెలియని బోల్టు మరకు మర ఆనించి వెలుతురుకి పట్టుకోండి. సందు కనపడకుంటే ఒకటే చుట్టు. రంధ్రంలో పెట్టినప్పుడు వేళ్ళతోనే చివరిదాకా తిరగాలె. పానా అడిగే బోల్టు ఆ రంధ్రానిది కాదు, లేకుంటే రంధ్రంలో మురికి ఉన్నది.

పొడవు కోసం సైకిల్ పుల్ల వాడినం. రంధ్రంలో పెట్టి లోతు గుర్తు పెట్టుకోవాలె. బ్రాకెట్టు మందం, వాషర్, రంధ్రం లోతు కూడితే వచ్చేదానికన్నా బోల్టు కొంచెం పొట్టిగ ఉండాలె. అట్లని మరీ పొట్టిది వద్దు. బీడులో బోల్టు లావుకి ఒకటిన్నర రెట్లు లోపలికి పోవాలె, అంటే 5/16 బోల్టుకు 12 మిల్లీమీటర్లు. అడుగు మూసిన రంధ్రంలో నూనె నిలిచి ఉంటే గుడ్డతో తీయండి. బోల్టు దిగేటప్పుడు ఆ నూనెకి పోయే దారి ఉండదు, దాని ఒత్తిడికే బ్లాకు పగలవచ్చు.

బ్రాకెట్టుల సంగతి ఇంకొంచెం చెప్పాలె. డైనమో రెండు బోల్టుల మీద వేలాడుతది, మూడోది చీలిక ఉన్న పట్టీలో జరుగుతది. పట్టీ చెవికి ముందు పెట్టాలో వెనక పెట్టాలో మరిచిపోతే డైనమో పుల్లీ పక్కకు జరుగుతది. క్రాంక్ పుల్లీ, నీళ్ళ పంపు పుల్లీ, డైనమో పుల్లీ మూడూ ఒకే గీతలో లేకుంటే బెల్టు అంచు అరుగుతది. మావానికి ఇది నూలు దారంతో చూపించిన. పుల్లీల ముఖాల మీద దారం బిగువుగ పట్టి చూస్తే అర అంగుళం తేడా వచ్చింది. పట్టీ తిప్పి పెట్టగానే సరిపోయింది. బెల్టు నడుమ బొటనవేలితో నొక్కితే దాదాపు అర అంగుళం దిగితే చాలు, మరీ బిగిస్తే బేరింగులు పోతయి.

ఈ ఏరుడికి మాకు రెండున్నర రోజులు పట్టింది. సేటు గొణిగిండు, "కూర్చొని బోల్టులు ఏరుతున్నరు" అని. నాకు కోపం వచ్చింది. మిల్లులో మెషీన్ విప్పితే మా జాబర్ ప్రతి బ్రాకెట్టు తీయగానే దాని బోల్టులు దాని రంధ్రాల్లోనే రెండు చుట్లు తిప్పి పెట్టించేవాడు. దానికి జీతం ఇచ్చేది మిల్లే. గ్యారేజీలో కూడా బండి తీసుకునేటప్పుడే పార్టీకి చెప్పి ఆ రోజుల కూలి లెక్కలో వేయాలె. మీ పిల్లలు అడగలేకుంటే పెద్దలు పోయి అడగండి, సిగ్గు పడకండి. విప్పే రోజే చేస్తే పూట పని. ఫోనులో ఫొటో తీసుకోవచ్చు. చైన్ కవరు ఆకారం అట్ట మీద గీసి, బోల్టు ఉన్నచోట రంధ్రం పొడిచి గుచ్చితే పొట్టిది పొడుగుది కలవవు. మిగతావి పాలకవర్లలో వేసి చీటీ కట్టండి.

చివరికి పట్టా మీద ఏడు బోల్టులు మిగిలినయి. గేజి పెట్టి చూస్తే ఐదు మిల్లీమీటరు మరవి, ఈ ఇంజన్‌వే కావు, ఎవరో ఇంకో బండివి కలిపిన్రు. రెండు బ్యాటరీ తట్టువి. బండి పోయిన శనివారం స్టార్ట్ అయింది, బెల్టు చప్పుడు లేదు.

వచ్చే నెల, కుట్టుమిషన్ దారం తెగుతుందని రాసిన భద్రావతి పేట అక్కకు జవాబు రాస్త.