మోకాలికి రోబో, తుంటికి నిరీక్షణ

హైదరాబాద్‌లో గానీ విజయవాడలో గానీ ఏ కూడలిలో తలెత్తినా ఈ రోజుల్లో ఒక హోర్డింగ్ కనిపిస్తుంది. మెరిసే లోహపు చేయి, పక్కన నవ్వుతున్న పెద్దాయన, కింద రోబోటిక్ మోకీలు మార్పిడి ప్రకటన. అందులో తప్పేమీ లేదు. నొప్పితో ఏళ్ల తరబడి కుర్చీకి అతుక్కుపోయినవాళ్లు ఆపరేషన్ తర్వాత మెట్లెక్కుతున్నారు. కానీ అలాంటి ఆసుపత్రుల్లోనే, క్యాజువాలిటీ పక్క వార్డులో, బాత్‌రూంలో జారిపడి తుంటి విరిగిన ముసలావిడ మూడో రోజు కూడా 'ఫిట్‌నెస్' కోసం ఎదురుచూస్తుంటుంది. ఎముకల వైద్యం గత ఇరవై ఏళ్లలో నేర్చుకున్న అసలు పాఠాలు ఆవిడ మంచం దగ్గరికి చేరాలి. చేరలేదు. డబ్బూ, యంత్రాలూ, ప్రచారమూ అన్నీ ముందే తేదీ పెట్టుకుని చేయించుకునే ఆపరేషన్ల వైపు వెళ్లాయి. ప్రమాదంలో విరిగిన ఎముక మాత్రం ఇప్పటికీ వరుసలో చివరనే ఉంది.

రోబోను తీసిపారేయాల్సిన పని లేదు. ఎముకను ఎక్కడ, ఎంత కోయాలో ముందే లెక్కగట్టి, ఆ గీత దాటకుండా చూస్తుంది. కోతలో కచ్చితత్వం పెరిగిందన్నది నిజం. ఆ కచ్చితత్వం వల్ల పదేళ్ల తర్వాత రోగి ఇంకా బాగా నడుస్తున్నాడా అన్నదే ప్రశ్న. దక్షిణ కొరియాలో రోబోతో మార్చిన మోకీళ్లనూ మామూలు పద్ధతిలో మార్చినవాటినీ కనీసం పదేళ్లు గమనించి 2020లో ఫలితాలు ప్రచురించారు. కదలికలో గానీ, కీలు మన్నికలో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అది పాత తరం రోబో కదా అనే వాదన ఉంది, న్యాయమైనదే. కొత్త యంత్రాలకు అంత దీర్ఘకాలపు లెక్కలు రావాలంటే ఇంకా సమయం పడుతుంది. ఈలోగా కోట్లు పెట్టి కొన్న యంత్రం ఖర్చు రాబట్టాలంటే కేసులు పెరగాలి. ఆ ఒత్తిడి చివరికి ఎవరి మోకాలి మీద పడుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

మోకీలు మార్పిడికి వచ్చేవాళ్లు నాలుగు ఆసుపత్రులు తిరుగుతారు, డల్లాస్‌లో ఉన్న కొడుకును అడుగుతారు, ప్యాకేజీ మాట్లాడుకుంటారు. లారీ గుద్ది కాలు విరిగినవాడికి తనను ఎక్కడికి తీసుకెళ్తున్నారో కూడా తెలియదు. అతని కోసం ఎవరూ హోర్డింగ్ పెట్టరు. అతని తరఫున నిలబడాల్సింది ప్రభుత్వమూ, వైద్య వ్యవస్థా మాత్రమే.

విచిత్రం ఏమిటంటే, ప్రమాద గాయాల చికిత్సలో ఈ మధ్య జరిగిన పెద్ద పరిశోధనలు చాలావరకు ఖరీదైనదాని మీద అనుమానం పెంచాయి, చవకైనదాని మీద నమ్మకం పెంచాయి. మణికట్టు విరిగితే లాకింగ్ ప్లేటు వేయాల్సిందేనన్న ఊపు ఒకప్పుడు బలంగా ఉండేది. బ్రిటన్‌లో 461 మందితో చేసిన 'డ్రాఫ్ట్' అధ్యయనం 2014లో వచ్చింది. కోత లేకుండానే ఎముకను సరిచేయగలిగిన కేసుల్లో సన్నని తీగలు గుచ్చినవారికీ, ప్లేటు వేసినవారికీ ఏడాది తర్వాత చేతి పనితనం ఒకటేనని తేలింది. మరుసటి ఏడాది 'ప్రాఫర్' అధ్యయనం భుజం దగ్గర విరిగిన 250 మందిని చూసి, చాలామందికి మెడకు వేలాడదీసే పట్టీ, తర్వాత వ్యాయామం సరిపోతాయని చెప్పింది. అదే 2015లో 'ఫ్లో' అనే మరో పరిశోధన వచ్చింది. మన దేశపు ఆసుపత్రులు కూడా అందులో ఉన్నాయి. చర్మం చీల్చుకుని ఎముక బయటికి వచ్చిన 2,400 మందికి పైగా రోగుల గాయాలను రకరకాలుగా కడిగి చూశారు. సబ్బు ద్రావణంతో కడిగినవారికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సిన అవసరం ఎక్కువగా వచ్చింది. నీటిని పంపుతో ఒత్తిడిగా కొట్టినా అదనపు లాభం లేదు. సాధారణ సెలైన్ సీసాను వేలాడదీసి నెమ్మదిగా కడిగితే చాలు. సెలైన్ సీసా గొప్పతనం వివరించడానికి ఏ మెడికల్ రిప్రజెంటేటివూ సర్జన్ గది ముందు కూర్చోడు. అందుకే ఇలాంటి ఫలితాలు కొత్త ప్లేటంత వేగంగా ప్రయాణించవు.

మరో రెండు చెప్పుకోవాలి. తీవ్రంగా రక్తం పోతున్న క్షతగాత్రులకు ట్రానెక్సామిక్ యాసిడ్ ఇంజెక్షన్ ప్రాణం నిలుపుతుందని 2010లో 'క్రాష్-2' అధ్యయనం నిరూపించింది. 40 దేశాల్లో 20 వేల మందికి పైగా రోగులు అందులో ఉన్నారు. అయితే గాయమైన మూడు గంటల్లోపే ఇవ్వాలి, ఆ తర్వాత ఇస్తే చెడు కూడా జరగొచ్చు. ఇక, కాలో తుంటో విరిగి ఆపరేషన్ అయినవారిలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరకుండా రోజూ పొట్టలో పొడిచే హెపారిన్ సూది బదులు, తక్కువ మోతాదు ఆస్పిరిన్ మాత్ర ఇచ్చినా మరణాలు పెరగవని 2023లో అమెరికా, కెనడా ట్రామా కేంద్రాలు 12,211 మంది మీద చూసి తేల్చాయి. ఇవేవీ మండల కేంద్రం ఆసుపత్రికి అందనివి కావు.

దీన్నిబట్టి సాంకేతికత దండగ అనుకుంటే పొరపాటు. తొడ ఎముక విరిగితే కాలికి బరువులు కట్టి నెలల తరబడి మంచాన పడుకోబెట్టిన రోజులు మన పెద్దవాళ్లకు గుర్తే. జర్మన్ సర్జన్ కుంట్షర్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో మొదలుపెట్టిన ఎముక లోపలి రాడ్డు ఆ బాధను తప్పించింది. సైబీరియాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ కనిపెట్టిన రింగులు, ఎముక ముక్క పూర్తిగా పోయిన చోట కూడా కొత్త ఎముకను సాగదీసి పెంచాయి. కటి వలయం నుజ్జయిన కేసుల్లో త్రీడీ ప్రింటర్‌తో ముందే నమూనా తీసి, దాని మీద ప్లేటు వంచి చూసుకుని ఆపరేషన్‌కు వెళ్లడం ఇప్పుడు నిజంగా పనికొచ్చే పద్ధతి. పరికరం ఎందుకు, ఎవరికి అన్న ప్రశ్నకు జవాబు ఉంటే చాలు.

తుంటి దగ్గరికి వద్దాం. వయసు మళ్లినవారికి తుంటి విరగడమంటే ఒక ఎముక సమస్య మాత్రమే కాదు. మంచాన పడ్డ మూడు నాలుగు రోజులకే వీపు మీద పుండ్లు, ఛాతీలో నెమ్ము, మూత్రంలో ఇన్ఫెక్షన్, మనుషుల్ని గుర్తుపట్టలేనంత అయోమయం ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. అందుకే ఇంగ్లండ్‌లో 36 గంటల్లోపు ఆపరేషన్ అన్నది లక్ష్యం. 2007లో అక్కడ తుంటి విరుగుళ్ల జాతీయ నమోదు మొదలైంది. 2010 నుంచి, సకాలంలో ఆపరేషన్ చేసి, వృద్ధుల వైద్య నిపుణుడు కూడా రోగిని చూసిన ఆసుపత్రికి అదనపు చెల్లింపు ఇవ్వసాగారు. ఆ నమోదులో చేరిన ఆసుపత్రుల్లో, చేరిన రోజో మర్నాడో ఆపరేషన్ అయినవారి వాటా 2007లో 54.5 శాతం ఉంటే 2011 నాటికి 71.3 శాతానికి చేరింది. నెల రోజుల్లోపు మరణాలు 10.9 శాతం నుంచి 8.5 శాతానికి తగ్గాయి. అక్కడ కొత్తగా ఏ ఇంప్లాంటూ కనిపెట్టలేదు. గడియారం పెట్టారు, లెక్క రాశారు, ఆ లెక్కను బహిరంగం చేశారు.

మరీ పరుగు తీయాలా అంటే, అదీ అక్కర్లేదు. 17 దేశాల్లో 2,970 మందితో చేసిన 'హిప్ అటాక్' అధ్యయనం 2020లో వచ్చింది. ఆరు గంటల్లోపు ఆపరేషన్‌కు ప్రయత్నించినవారికీ, 24 గంటల ప్రాంతంలో చేసినవారికీ మరణాల్లో తేడా రాలేదు. త్వరగా చేసినవారిలో మతి తప్పడం తగ్గింది, ముందే లేచి నిలబడ్డారు, ముందే ఇంటికెళ్లారు. అంటే ఒకరోజు సర్దుబాటుకు చోటుంది. నాలుగైదు రోజులకు లేదు.

మన దగ్గర ఆ రోజులు ఎలా గడిచిపోతాయో వార్డులో ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది. మొదటి రోజు ఎక్స్‌రే, రక్తపరీక్షలు. రెండో రోజు గుండెకు ఎకో తీయాలి, ఆ డాక్టర్ సాయంత్రం వస్తారు. షుగర్ మూడొందలుంది, తగ్గాక చూద్దాం. రక్తం పల్చబడే మందు వేసుకుంటున్నారు, ఐదు రోజులు ఆపాలి. రెండు యూనిట్ల రక్తానికి దాతలు కావాలి. పథకం కింద అప్రూవల్ రావాలి. మత్తు డాక్టర్ సిజేరియన్‌లో ఉన్నారు. ఇవన్నీ అయ్యేసరికి, పెద్దబ్బాయి అమెరికా నుంచి బయల్దేరాడు, వచ్చాకే చేయించండని ఫోన్. వీటిలో కొన్ని నిజంగా ఆగాల్సిన కారణాలే. మిగతావి అలవాటు. కనీసం ఈలోగా తొడ దగ్గర నరానికి మత్తు సూది ఇస్తే నొప్పి తగ్గుతుంది. అది కూడా చాలాచోట్ల ఇవ్వరు. ఆపరేషన్ అయ్యాక ఏడాదికోసారి ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ మళ్లీ విరగడాన్ని 35 శాతం, మరణాలను 28 శాతం తగ్గిస్తుందని 2007లోనే రుజువైంది. డిశ్చార్జి కాగితంలో క్యాల్షియం బిళ్లలు ఉంటాయి, ఇది తరచూ ఉండదు.

రోడ్డు మీద విరిగిన కాలిది మరో కథ. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్డు ప్రమాదాల్లో చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవారి గురించి మాట్లాడతాం. బతికి బయటపడి, పిక్క దగ్గర ఎముక బయటికొచ్చి, మట్టి, గ్రీజు, పొలం బురద లోపలికి వెళ్లిన గాయంతో ఏడాదంతా ఆసుపత్రుల చుట్టూ తిరిగే పాతికేళ్ల బైకు కుర్రాడి గురించి మాట్లాడం. అతనికి కావాల్సింది గంటలోపు యాంటీబయోటిక్, అదే రోజు గాయం శుభ్రం చేసే ఆపరేషన్, మూడు రోజుల్లోపు గాయం మీద మంచి కండ, చర్మం కప్పడం. చివరిదానికి ప్లాస్టిక్ సర్జన్ కావాలి. జిల్లా ఆసుపత్రిలో ఎముకల డాక్టర్ ఉంటారు, ప్లాస్టిక్ సర్జన్ అరుదు. బయట రాడ్లు బిగించి, కట్టు కట్టి, పెద్దాసుపత్రికి రాస్తారు. అక్కడ మంచం దొరికి, తేదీ దొరికేసరికి చీము పడుతుంది. ఒకసారి లోహం మీద సూక్ష్మజీవులు పొరలా పట్టాయంటే మందులు అక్కడికి చేరవు. ఆ సూక్ష్మజీవులు ఇప్పుడు చాలా యాంటీబయోటిక్‌లకు లొంగడం లేదు కూడా.

దీనికి పరిష్కారం విదేశాల్లో వెతకనక్కర్లేదు. కోయంబత్తూరులోని గంగా ఆసుపత్రిలో డాక్టర్ ఎస్.రాజశేఖరన్ బృందం ఎముకల సర్జన్, ప్లాస్టిక్ సర్జన్ మొదటి గంట నుంచే కలిసి గాయాన్ని చూసే పద్ధతిని నిలబెట్టింది. చర్మం, ఎముక, కండరం ఒక్కోదానికి ఎంత నష్టం జరిగిందో విడివిడిగా మార్కులు వేసి, కాలు నిలుపుదామా, తీసేద్దామా తేల్చుకునే వారి కొలమానాన్ని ఇతర దేశాల సర్జన్లు కూడా వాడుతున్నారు. హైదరాబాద్ నిమ్స్ మొదలైందే నిజాం ఎముకల ఆసుపత్రిగా. తిరుపతిలో బర్డ్ ఆసుపత్రి ఉంది. ఈ పునాదులున్న రాష్ట్రాలు ఉమ్మడి బృందాల కేంద్రాలను ప్రతి రెండు మూడు జిల్లాలకు ఒకటి పెట్టలేవా?

పుత్తూరు కట్టు సంగతి అడిగేవాళ్లు ఉంటారు. చర్మం తెగకుండా, ఎముక పక్కకు జరగకుండా విరిగితే వెదురు బద్దల కట్టుతో అతుక్కుంటుంది, అందులో మాయ లేదు. కీలు లోపల విరిగినా, ఎముక బయటికొచ్చినా, కట్టు బిగుసుకుని వేళ్లు నల్లబడుతున్నా ఆసుపత్రికి వెళ్లకుండా ఆగకూడదు. పల్లె జనం నాటు కట్టుకు పోవడానికి మూఢనమ్మకం ఒక్కటే కారణం అనడం మాత్రం డాక్టర్ల సౌకర్యవంతమైన వివరణ. బిల్లు భయం అంతకంటే పెద్దది.

బిల్లు దగ్గరా అదే పక్షపాతం. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీలుకు గరిష్ఠ ధర పెట్టింది. అప్పటిదాకా లక్షన్నర పలికిన కోబాల్ట్ క్రోమియం కీలు రూ.54,720కి దిగింది. మంచి పని. విరిగిన ఎముకకు వేసే ప్లేటుకూ రాడ్డుకూ అలాంటి గరిష్ఠ ధర రాలేదు. రోడ్డు ప్రమాద బాధితులకు నగదు రహిత చికిత్స పథకం 2025 మేలో వచ్చింది: ఏడు రోజులు, లక్షన్నర రూపాయలు. ప్రాణం నిలపడానికి పనికొస్తుంది. ఎముక బయటికొచ్చిన కాలికి విడతలుగా నాలుగైదు ఆపరేషన్లు పడతాయి, నెలలు పడుతుంది. ఎనిమిదో రోజు నుంచి ఖర్చు కుటుంబానిదో, ఆరోగ్యశ్రీదో, ఎవరిదో తేలేలోపు అసలు సమయం గడిచిపోతుంది.

లెక్కలు రాసుకోకపోతే ఏమవుతుందో 'ఏఎస్ఆర్' అనే కృత్రిమ తుంటి కీలు ఉదంతం చూపింది. ఆస్ట్రేలియాలో 1999 నుంచే కీళ్ల నమోదు ఉంది కాబట్టి లోపం ముందే బయటపడి, 2009లోనే అక్కడ దాన్ని ఆపేశారు. ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నది 2010 ఆగస్టులో. మన దేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లు జరిగాయి, ఆచూకీ దొరికింది వెయ్యికి కాస్త పైగా మందిది. ఇప్పటికీ మనకు తప్పనిసరి నమోదు లేదు.

రెండు తెలుగు రాష్ట్రాలూ ప్రభుత్వ పథకాల కింద చేసే ఎముకల ఆపరేషన్లకు ఏటా భారీగా చెల్లిస్తున్నాయి. చేరిన సమయం, ఆపరేషన్ మొదలైన సమయం, నెల తర్వాత రోగి పరిస్థితి అనే మూడు గడులు ఆ క్లెయిమ్ ఫారంలో తప్పనిసరి చేసి, ఆసుపత్రుల వారీగా ప్రకటించాలి. 36 గంటల్లోపు తుంటి ఆపరేషన్ చేసినవారికి ప్యాకేజీ పెంచాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక జీవో చాలు. అది వచ్చేదాకా, మీ ఇంట్లో ఎవరికైనా తుంటి విరిగితే ఆపరేషన్ ఏ రోజు, ఆగితే ఏ కారణం చేత అన్నది డాక్టర్‌ను అడిగి కేస్ షీటులో రాయించండి.