యంత్రమును వినయము నేర్వవలెను

మనుష్యునకు మాటాడుట యెంత అవసరమో వినుట అంతకంటె అవసరము. నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో పాఠము ముగించి "అర్థమైనదా?" అని యడిగినపుడు తరగతి యంతయు ఒక్క కంఠముతో "అర్థమైనదండీ" అనెడిది. వెనుక బల్లమీద కూర్చుండు ఒక బాలుడు మాత్రము లేచి, "మాస్టారూ, రెండవ పాదమునకు అర్థము మరల చెప్పండి" అని యడిగెడివాడు. తోడివారు నవ్వెడివారు. వాడు సిగ్గుపడక మరల వినెడివాడు. పరీక్షలనాడు చూడగా, ఆ పద్యమును నిజముగా నేర్చినవాడు వాడే. నేడు మాటలాడు యంత్రములనుగూర్చి విన్నపుడెల్ల నాకు ఆ బాలుడే జ్ఞప్తికి వచ్చుచుండును. ఏలయనగా, ఆ యంత్రములకు మనము నేర్పవలసిన గొప్ప గుణము వానియందున్నది.

యంత్రముతో మాటలాడవలెనను కోరిక నేటిది కాదు. 1950వ సంవత్సరమున ఆంగ్ల గణితవేత్త అలన్ ట్యూరింగ్ 'మైండ్' అను పత్రికలో ఒక వ్యాసము ప్రకటించి, యంత్రము ఆలోచింపగలదా యను ప్రశ్నకు సంభాషణమునే పరీక్షగా నిలిపెను. కంటికి కనబడని యంత్రముతో వ్రాతమూలమున ప్రశ్నోత్తరములు జరుపవలెను; బదులిచ్చుచున్నది మనుష్యుడో యంత్రమో పోల్చుకొనలేనిచో యంత్రము పరీక్షలో గెలిచినట్లే. 1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు 'ఆడ్రీ' యను నిలువెత్తు యంత్రమును నిర్మించిరి. తనకు అలవాటైన కంఠము ఆగి ఆగి పలికినచో, అది సున్న మొదలు తొమ్మిది వరకు గల అంకెలను గుర్తింపగలిగెడిది. అంతకుమించి ఒక్క మాటయు దానికి తెలియదు.

ఈ కృషిలో ఒక తెలుగువాని పాత్ర మిక్కిలి గొప్పది. చిత్తూరు జిల్లాలోని కాటూరు గ్రామమున 1937లో జన్మించిన రాజ్ రెడ్డిగారు మదరాసులోని గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, పిమ్మట అమెరికాకు వెళ్లి, 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టము నందిరి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆయన నాయకత్వములో 'హియర్సే', 'హార్పీ' అను వ్యవస్థలు రూపొందినవి. 1976 నాటికి 'హార్పీ' వేయికి పైగా మాటలతో కూడిన వాక్యములను, పలుకువారు మాటమాటకు ఆగకుండ పలికినను, గ్రహింపగలిగినది. 1994 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తోపాటు రాజ్ రెడ్డిగారికి లభించినది. పల్లెటూరిలో పుట్టిన బాలుడు యంత్రమునకు చెవినిచ్చుటలో ప్రపంచమునకు మార్గదర్శి యగుట మనమెల్లరము గర్వింపదగిన విషయము.

ఇట్టి యంత్రము పనిచేయు విధము నొకింత తెలిసికొందము. మనము పలికిన ధ్వనిని అది మొదట చిన్న చిన్న తునకలుగా విడదీసి, అవి యే మాటలై యుండవచ్చునో లెక్క కట్టును. పిదప ఆ మాటల వెనుకనున్న కోరిక యేమో ఊహించును. తరువాత బదులు చెప్పవలెనా, మరల అడుగవలెనా యని నిర్ణయించును. తుదకు వాక్యము కూర్చి, కృత్రిమ కంఠముతో పలుకును. 1997లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థవారు ఏర్పరచిన 'జూపిటర్' ఈ పద్ధతిలోనే ఫోనుమీద వాతావరణ విశేషములు చెప్పెడిది.

ఈ పనులన్నింటిలో ముఖ్యమైనది, 'బదులు చెప్పవలెనా, మరల అడుగవలెనా' యను నిర్ణయమే యని నా నమ్మకము. యంత్రము వినిన మాట నిశ్చయము కాదు. అది యొక ఊహ. ఆ ఊహ యెంత బలమైనదో యంత్రము ఒక అంకెతో కొలుచుకొనును. ఆ అంకె తక్కువగా ఉన్నపుడు మర్యాద తెలిసిన యంత్రము "మీరు కోరినది తిరుపతికేనా?" అని సూటిగా అడుగును. లేదా "తిరుపతికి ఏనాడు వెళ్లెదరు?" అని, తనకు వినబడిన ఊరి పేరును ప్రశ్నలోనే చేర్చి పలుకును. పొరపాటున్నచో మనము వెంటనే దిద్దవచ్చును. ఈ చిన్న పనిని చక్కగా చేయించుటకు పరిశోధకులు అనేక సంవత్సరములు శ్రమపడిరి.

ఇంత శ్రమ యెందులకని మీరు అడుగవచ్చును. మన భాషనే చూడుడు. 'ఇరవై', 'అరవై' యను మాటలకు మొదటి అక్షరమునందే భేదము. ఇరవై బస్తాల ఎరువు కావలెనని రైతు చెప్పగా యంత్రము అరవై యని వ్రాసికొన్నచో ఆ నష్టము ధనముతో పోవును. అంతకంటె పెద్ద నష్టమును గలదు. రాయలసీమ రైతు వేరుశనగను 'శెనక్కాయ' యనును. తెలంగాణమున దానినే 'పల్లి' యందురు. శనగ యనగా వేరొక పంట. పుస్తకములలోని తెలుగును మాత్రమే నేర్చిన యంత్రము 'శెనక్కాయ'ను శనగగా భావించి, తెగులునకు మందు చెప్పిన దనుకొందము. ఒక పైరుకు చెప్పవలసిన మాట మరియొక పైరుకు చెప్పినట్లగును. తప్పు బయటపడునప్పటికి అదును దాటిపోవును. "మీరు చెప్పినది వేరుశనగయా, పచ్చిశనగయా?" అని యొక్క ప్రశ్న వేసినచో ఆ కుటుంబమునకు ఒక పంట దక్కును.

మాటలాడు యంత్రమువలన మిక్కిలి మేలు పొందువారు చదువురానివారు, కనుచూపు లేనివారు, వృద్ధులు. 2022లో భారత ప్రభుత్వము 'భాషిణి' యను కార్యక్రమము నారంభించి, భారతీయ భాషలలో మాటను గ్రహించుటకు, అనువదించుటకు సాధనములు సమకూర్చ పూనుకొన్నది. అది మెచ్చదగిన ప్రయత్నము. కాని యంత్రము తప్పు చెప్పినపుడు దానిని పుస్తకములో సరిచూచుకొనలేనివారును వీరే. చదివినవాడు తప్పును పట్టును. చదువురానివాడు నమ్మి నష్టపోవును. కావున యంత్రము యొవరికి మిక్కిలి ఉపకారియో వారియెడలనే మిక్కిలి జాగరూకతతో మెలగవలెను.

మాటిమాటికి ప్రశ్నించు యంత్రము విసుగు పుట్టించునని కొందరందురు. అది నిజమే. "నమస్కారము" అన్నను "మీరు నమస్కారమంటిరా?" అని యడుగు యంత్రము నెవరు భరింతురు? అందుచేత తప్పువలన కలుగు నష్టమునుబట్టి ప్రశ్న ఉండవలెనని నా మనవి. పాట పెట్టుమన్నపుడు పొరబడినచో బాధ లేదు. మందు మోతాదు, బ్యాంకు సొమ్ము, పంట తెగులు అన్నపుడు మరల అడుగక తీరదు. అనుభవముగల వైద్యుడు రోగి చెప్పిన మాటను తానొకసారి తిరిగి పలికి నిర్ధారణ చేసికొనుట మనమెరుగుదుము. దానిని విసుగని యెవరును అనరు.

అయితే ప్రశ్నలన్నియు వినయమునకు గుర్తులు కావు. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ అను పండితుడు మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో తాను రచించిన 'ఎలైజా' యను కంప్యూటరు కార్యక్రమమును లోకమునకు తెలిపెను. "నాకు దిగులుగా ఉన్నది" యని వ్రాసినచో "మీకు దిగులుగా ఎందుకున్నది?" అన్నట్లు, మన మాటనే త్రిప్పి మనకు ప్రశ్నగా వేయుట దాని విద్య. దానికి దిగులననేమో తెలియదు. బదులుతో పనియును లేదు. అయినను వైజెన్‌బామ్ కార్యదర్శిని, ఆయన నెలల తరబడి దానిని రచించుట చూచినదయ్యును, దానితో కొంతసేపు ముచ్చటించి, తమను ఏకాంతముగా విడిచి బయటకు వెళ్లుమని ఆయననే కోరినది. ఆయన ఆశ్చర్యపడి, 1976లో ప్రకటించిన గ్రంథమున, యంత్రమునకు అప్పగింపరాని పనులు కొన్ని గలవని హెచ్చరించెను. తెలిసికొనుటకై అడుగుట వేరు, మెప్పించుటకై అడుగుట వేరు.

2022 నవంబరులో 'చాట్‌జీపీటీ' వెలువడినది మొదలు సంభాషణ యంత్రములు ఇంటింటి మాటలైనవి. అవి అపారమైన వ్రాతలనుండి మాట తరువాత మాట యేది రావచ్చునో నేర్చినవి. వాని వాక్యములు నున్ననివి, వ్యాకరణము చక్కనిది. కాని తెలియని విషయమును గూడ తెలిసినట్లే చెప్పుట వానికి గల దోషము. ఇందుకు కారణము మనకు కొత్తది కాదు. తప్పు వ్రాసినను సున్నయే, విడిచిపెట్టినను సున్నయే యైనపుడు విద్యార్థి యేదో యొకటి వ్రాసి వచ్చును. యంత్రములకు పెట్టు పరీక్షలలో అనేకము ఇట్టివే. "తెలియదు" అను మాటకు విలువనిచ్చు పరీక్షలు పెట్టినగాని యంత్రము ఆ మాటను నేర్వదు. కావున ఈ తప్పు యంత్రముది కాదు, దానికి మార్కులు వేయు మనది.

బాలబాలికలారా! మీలో కొందరు రేపు ఇట్టి యంత్రములను నిర్మింపవచ్చును. ఎల్లరును వానితో మాటలాడుట నిశ్చయము. అది చెప్పిన బదులు ఎంత తీయగా నున్నను "ఇది నీకెట్లు తెలిసినది?" అని యడుగుడు. మీరు నిర్మించునపుడు దానికి వేయి బదులులతోపాటు, "నాకు సరిగా వినబడలేదు, మరల చెప్పుడు" అను వాక్యమును గూడ నేర్పుడు. వెనుక బల్లమీది బాలుడు ఆ వాక్యముతోనే పద్యము నేర్చెను. నాడు వానిని చూచి నవ్వినవారిని నేను మందలింపక యూరకుంటిని. మీరు అట్లు ఊరకుండకుడు.