డప్పు చప్పుడు ‘శేషం’ లెక్కలోకేనా?

సంగీతాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించడం ఇప్పుడు యూనివర్సిటీ పాఠం. పాట విని రాగం చెప్పే సాఫ్ట్‌వేర్, వాయిద్యాల నుంచి గొంతును విడదీసే యాప్, అడిగిన తీరులో ట్యూన్ కట్టే ఏఐ, అన్నింటికీ పునాది అక్కడే పడుతోంది. మన పిల్లలు ఆ క్లాసుల్లో కూర్చోవాలి. అక్కడ దేన్ని సంగీతమంటున్నారో, దేన్ని చప్పుడంటున్నారో కూడా మనం చూడాలి.

ఒక కోర్సు తీసుకుందాం. బార్సిలోనాలోని పొంపెయు ఫాబ్రా యూనివర్సిటీ, అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ కలిసి కోర్సెరాలో పెట్టిన ఆడియో సిగ్నల్ ప్రాసెసింగ్ కోర్సు. పది వారాల పాఠం. నిజంగా మంచి కోర్సు, సాఫ్ట్‌వేర్ కూడా ఓపెన్ సోర్స్. అందులోని ఒక ముఖ్యమైన పద్ధతి శబ్దాన్ని రెండుగా విడదీస్తుంది. నిలకడగా సాగే తరంగాలు ఒకవైపు, వాటిని తీసేశాక మిగిలింది ఇంకోవైపు. ఆ మిగిలినదానికి పేరు రెసిడ్యువల్. మన మాటలో శేషం. కోర్సు చెప్పే షావియర్ సెర్రా 1989లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన పీహెచ్‌డీ పరిశోధన ఇదే.

ఈ పద్ధతిలో గొంతు, వేణువు చక్కగా ఒదుగుతాయి. డప్పు మీద చిర్ర పడ్డ శబ్దం చాలావరకు శేషంలోకి పోతుంది. ఇందులో కుట్రేమీ లేదు, అది గణితం. మృదంగం దెబ్బ పడే క్షణమూ అంతే. అయితే శేషం అంటే పనికిరానిది అని అర్థం కాదు. ఆ మాట విద్యార్థికి ఎవరు చెప్తున్నారన్నదే మా ప్రశ్న.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం చెప్పుకోవాలి. మామూలుగా బిగించిన గుండ్రటి చర్మం ఇచ్చే పౌనఃపున్యాలు దాదాపు 1, 1.59, 2.14 నిష్పత్తిలో ఉంటాయి. పూర్ణసంఖ్యల్లో పడవు కాబట్టి చెవికి ఒక స్వరంగా నిలవవు. మృదంగం మధ్యలో వేసే నల్లటి పూత ఆ నిష్పత్తిని పూర్ణసంఖ్యల దగ్గరికి తెస్తుంది. సి.వి. రామన్ దీని గురించి 1920లో నేచర్ పత్రికలో రాశారు. శాస్త్రంలో పేరు ఆయనకు దక్కింది. ఆ పూతను చెవితో సరిచూసుకుంటూ పొర మీద పొర వేసే చేతులు ఎవరివి? టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ పుస్తకంలో వాళ్ల గురించి రాశారు. ఎక్కువమంది దళిత క్రైస్తవులు. ఆ పుస్తకావిష్కరణకు ముందు ఇచ్చిన హాలు అనుమతిని చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది.

డప్పుకు పూత లేదు, మంట ఉంది. గడ్డి మంట మీద కాపితే తేమ పోయి చర్మం బిగుస్తుంది, శ్రుతి పైకి లేస్తుంది. మంచు కురిసే రాత్రి జాతరలో మళ్లీ మళ్లీ కాపాల్సిందే. కాపక ముందు, కాపాక, గంట తర్వాత అదే దెబ్బను రికార్డు చేసి గ్రాఫ్ గీస్తే ఒక సెమిస్టర్ ప్రాజెక్టుకు సరిపడా విషయం దొరుకుతుంది. అది మాదిగ వాడలో పెరిగిన పిల్లకు ఇంట్లోనే తెలిసిన సంగతి.

కానీ ఆ పిల్లకు దొరికే డేటా వేరు. ఐరోపా నిధులతో 2011 నుంచి 2017 దాకా సాగిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు పాశ్చాత్య సంగీతమే ప్రమాణం కాకూడదని ఐదు సంప్రదాయాలను ఎంచుకుంది. మంచి ఉద్దేశం. భారతదేశం నుంచి అందులో చేరినవి మాత్రం హిందుస్తానీ, కర్ణాటక సంగీతాలే. రాగం, తాళం, మృదంగం దెబ్బలు, అన్నీ పేర్లతో సహా ఫైళ్లలోకి చేరాయి. చావు దరువు, పెళ్లి దరువు, దండోరా ఆ పట్టికలో లేవు. ప్రపంచం ముందు మన దేశ సంగీతమంటే మళ్లీ సభా సంగీతమే అయింది.

ఇది పాత గొడవ కాదు. కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో ఇండియాఏఐ మిషన్‌కు 10,372 కోట్ల రూపాయలు ఆమోదించింది. మరుసటి ఏడాది డేటాసెట్ల కోసం ఏఐకోశ్ వేదిక తెచ్చింది. రేపటి యంత్రాలు దేన్ని భారతీయ సంగీతంగా గుర్తిస్తాయన్నది ఇలాంటి చోట్ల చేరే ఫైళ్లను బట్టే ఉంటుంది. 1994లో మాదిగ దండోరా ఉద్యమం అవమానపు గుర్తుగా చూసిన డప్పును ఆత్మగౌరవ జెండాగా ఎత్తింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తోంది, ఇవ్వాల్సిందే. సంక్షేమ జాబితాలో ఉన్న మనిషి విజ్ఞాన జాబితాలో ఎందుకు లేడని మాత్రం అడుగుతున్నాం.

అలాగని ఎవరో మైకు పట్టుకొచ్చి ఊరి బయట రెండు గంటలు రికార్డు చేసుకుపోతే ఒప్పుకోం. దరువు పేరు చెప్పాల్సింది కొట్టినవాళ్లే. ‘ఫోక్ డ్రమ్’ అని ఒక్క ముక్కలో రాసేస్తే అది మళ్లీ శేషమే. కళాకారుల అనుమతి, పేరు, కూలి, ఆ రికార్డుతో ఏఐకి శిక్షణ ఇస్తే వచ్చే రాబడిలో వాటా, ఇవన్నీ ముందే కాగితం మీద, తెలుగులో ఉండాలి. హైదరాబాద్‌లోనో తిరుపతిలోనో ఇలాంటి కోర్సు నడిపే డిపార్ట్‌మెంట్ డప్పు కళాకారుణ్ణి గెస్టు లెక్చరర్‌గా పిలవాలంటే అర్హత కాలమ్‌లో ఏం రాస్తుందో మాకు చెప్పాలి.