పెట్ట మానేసిందా, ఎవరైనా ఎత్తుకుపోయారా?

కార్తీక మాసం ఉన్నన్నాళ్ళూ ఈ సంగతి మన ఇళ్ళలో ఎవరి దృష్టికీ రాదు. నెల్లాళ్ళు నీచు ముట్టని ఇళ్ళే ఎక్కువ. మా దక్షిణ ఒడిశాలో అయితే ఇరుగుపొరుగు ఒడియా వారు కూడా ఆ నెల నిష్ఠగా పాటిస్తారు. అందుచేత గుడ్ల బుట్ట వంక చూసే నాథుడుండడు. పోలిని స్వర్గానికి పంపించి, ఆ మర్నాడు పిల్లలకు అట్టు వేసిపెడదామని బుట్ట తీస్తే అందులో నాలుగంటే నాలుగు గుడ్లుంటాయి. అప్పుడు మొదలవుతుంది గొడవ.

గత చలికాలంలో జయపురం వైపు నుంచి మన సంఘం సభ్యురాలొకరు, నాకు వరసకు పిన్నిగారవుతారు, ఫోను చేశారు. వారి పెరట్లో తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. కొన్ని నాటువి, కొన్ని వనరాజా రకం. దసరా దాకా రోజుకు నాలుగైదు గుడ్లకు తక్కువ లేదట. ఇప్పుడు ఒకటి దొరికితే గొప్ప. ఇంట్లో తలా ఒక మాట. దిష్టి తగిలిందని ఆవిడ తోటికోడలు, పెట్టలు ముదిరిపోయాయి, కోసుకు తినేద్దామని బాబాయిగారు. కోడలి మాట మాత్రం వేరు. పొద్దున్నే వాకిలి ఊడ్చడానికి వచ్చే పన్నెండేళ్ళ పిల్ల, వాళ్ళమ్మకు బదులుగా వస్తోందట, వెళ్ళేటప్పుడు మూతగిన్నెలో గంజి పట్టుకెళ్తుంది.

"ఆ గిన్నె మూత తీసి చూడమంటోంది నాయనా మా కోడలు. నాకు మనసొప్పడం లేదు. చూస్తే ఆ పిల్ల మళ్ళీ మా గడప తొక్కదు. చూడకపోతే వీళ్ళు ఊరుకునేలా లేరు. నువ్వు లెక్కల మనిషివి గదా, ఏదో ఒకటి తేల్చు" అన్నారు.

నేను చదివింది బి.కాం. కోళ్ళ శాస్త్రం నాకెవరూ చెప్పలేదు. అయితే గ్రామీణ శాఖల్లో పనిచేసిన రోజుల్లో కోళ్ళకు అప్పులిచ్చి, ఆ అప్పులు వసూలు చేసుకోవలసి వచ్చింది గనుక పశువైద్యుల వెంటపడి నేర్చుకున్నది కొంత ఉంది. పిన్నిగారికి చెప్పిన సంగతులే ఇక్కడ మీతోనూ ముచ్చటిస్తాను.

చలికాలంలో గుడ్లు తగ్గడానికి చలి కారణమని అందరూ అనుకుంటారు. అసలు కారణం వెలుతురు. కోడి శరీరం పగటి పొడుగును కొలుస్తుంది. ఆ కొలత కంటితోనే చేస్తుందనుకుంటే పొరపాటు. పలచని పుర్రె గుండా వెలుతురు లోపలికి దిగి, మెదడు అడుగు భాగంలో ఉండే కొన్ని కణాలను తాకుతుంది. 1930లలో జాక్ బెన్వా అనే ఫ్రెంచి శాస్త్రవేత్త బాతుల మీద చేసిన ప్రయోగాలతో ఈ విషయం బయటపడింది. చూపు లేని పక్షి కూడా పగలు పెరిగిందో తరిగిందో తెలుసుకుంటుందన్నమాట. పగలు పొడుగ్గా ఉంటే మెదడు నుంచి పిట్యూటరీ గ్రంథికి, అక్కడి నుంచి అండాశయానికి కబురు అందుతుంది. పగలు కురచనైతే ఆ కబురు మందగిస్తుంది. పిల్లలను ఎండా మేతా ఉన్న కాలంలో పెంచుకోవాలని ప్రకృతి పెట్టిన ఏర్పాటు ఇది.

పెట్ట బాగా గుడ్లు పెట్టాలంటే రోజుకు 14 గంటల వెలుతురైనా కావాలంటారు. పెద్ద ఫారాలలో దీపాలు పెట్టి 16 గంటలు ఇస్తారు. జయపురంలో డిసెంబరు నెలాఖరున ఆరున్నరకు పొద్దు పొడిచి అయిదున్నరకు కుంగుతుంది. అంటే 11 గంటలు. జూన్‌లో 13 గంటల పైచిలుకు ఉంటుంది. యానాంలోనూ ఇంచుమించు ఇంతే. బెంగుళూరు, చెన్నై ఇంకా దక్షిణాన ఉన్నాయి గనుక అక్కడ తేడా గంటన్నర మాత్రమే. లండన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. అందుకే అక్కడి పెరటి కోళ్ళు చాలావరకు పూర్తిగా మానేస్తాయి, మనవి తగ్గిస్తాయి.

ఈ మాట విని మా పిన్నిగారు "రెండు గంటల తేడాకే ఇంత అలకా?" అన్నారు. మంచి ప్రశ్న. జవాబు ఆవిడ గూటి తలుపు దగ్గరే ఉంది. వేసవిలో అయిదింటికే గూడు తలుపు తీస్తాం. చలికాలంలో మనం లేచేదే ఆలస్యం, మంచు విడిచాక తీద్దాంలే అని ఎనిమిదింటికి తీస్తాం. సాయంత్రం పిల్లి భయం కొద్దీ అయిదింటికే గంప కమ్మేస్తాం. మట్టిగూడులోకి, తాటాకు గంపలోకి వెలుతురు దూరదు. అంటే సూర్యుడు 11 గంటలిస్తే మనం కోడికి 9 గంటలే ముట్టజెబుతున్నాం. మధ్యలో రెండు గంటలు మనమే మినహాయించుకున్నాం! గూటికి కిటికీ పెట్టి గట్టి తీగవల బిగిస్తే పైసా అదనపు మేత లేకుండా ఆ రెండు గంటలూ తిరిగి జమ అవుతాయి. పిల్లి భయమూ ఉండదు.

రెండో కారణం ఈకలు. ఏడాది దాటిన పెట్టలు పగలు తరిగే కాలంలో పాత ఈకలు రాల్చి కొత్తవి వేసుకుంటాయి. పెరట్లో ఎవరో దిండు చింపినట్టు ఈకలు కనిపిస్తే అదే. ఈక అంటే దాదాపు అంతా మాంసకృత్తులే. గుడ్డుకూ అవే కావాలి. ఒక్కో గుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి. ఒకే ఆదాయం మీద రెండు పెద్ద ఖర్చులు ఎవరికీ సాగవు గదా, కోడి కూడా ముందు చొక్కా కుట్టించుకుని గుడ్డును వాయిదా వేస్తుంది. ఈ వ్యవహారం రెండు మూడు నెలలు పడుతుంది. ఆ ఏడాదే గుడ్లకు వచ్చిన పడుచు పెట్టలు మొదటి చలికాలం ఈకలు రాల్చవు గనుక కొంతవరకు పెడుతూనే ఉంటాయి. పక్కింటి పెట్టలు పెడుతున్నాయి, మావి పెట్టడం లేదని కుమిలిపోయేవారు ముందు వాటి వయసు కనుక్కోవాలి.

చలి పాత్ర మూడోది. కోరాపుట్టు, సెమిలిగుడ వంటి మెట్ట ప్రాంతాల్లో రాత్రి చలి బాగా దిగుతుంది. తిన్న మేతలో కొంత ఒళ్ళు వెచ్చబెట్టుకోవడానికే పోతుంది. పైగా చల్లటి నీళ్ళు సరిగా తాగవు. గుడ్డు సొనలో ముప్పాతిక వంతు నీరే. పొద్దున్నే కాస్త గోరువెచ్చని నీళ్ళు పెట్టి చూడండి, తేడా తెలుస్తుంది.

నాటు పెట్ట సంగతి కొంత వేరు. అది విడతకు పన్నెండో పదిహేనో పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఏడాది మొత్తం మీద 60, 80 గుడ్లు వస్తే సంతోషించాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన కేంద్రం వారు తయారు చేసిన వనరాజా వందకు పైగా పెడుతుంది, గ్రామప్రియ ఇంకా ఎక్కువ. ఏ రకమైనా ఒక గుడ్డు తయారుకావడానికి 25 గంటలు పడుతుంది. అందుకే ఈవేళ ఎనిమిదింటికి పెట్టిన పెట్ట రేపు తొమ్మిదింటికి పెడుతుంది. అలా జరిగి జరిగి మధ్యాహ్నం దాటాక ఒకరోజు సెలవు తీసుకుంటుంది. రోజుకొకటి చొప్పున లెక్కగట్టి తక్కువొచ్చిందని ఎవరినీ నిలదీయకూడదని ఇందువల్లే అంటాను.

ఇక ఆ పిల్ల విషయం. మా వృత్తిలో నగదు తక్కువొస్తే ముందు మనుషుల జేబులు తడమరు, పుస్తకాలు తిరగేస్తారు. ఇక్కడ పుస్తకం పెట్ట ఒళ్ళే. గుడ్లు పెడుతున్న పెట్ట తురాయి ఎర్రగా నిండుగా ఉంటుంది. మానేసినదానిది కుదించుకుపోయి పాలిపోతుంది. పెట్టను చంకలో ఇరికించుకుని తోక కింద తడిమితే రెండు సన్నని ఎముకల కొసలు తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్ళు పడితే పెట్ట గుడ్ల మీద ఉన్నట్టు. ఒక్క వేలు కూడా కష్టంగా పడితే మానేసినట్టు. పశువైద్యులే కాదు, పాతకాలపు కోళ్ళ బేరగాళ్ళు కూడా ఇలాగే చూసి కొంటారు. రెండోది, చలికాలం అంటే కోతల కాలం. కొత్త గడ్డి వస్తుంది, వాములు లేస్తాయి. వెచ్చని కొత్త గడ్డి చూస్తే పెట్టకు గూటి పెంట మీద మోజు పోతుంది. వాములు వెతకండి, మూడు రోజులు దడి దాటనీయకుండా ఉంచండి అని చెప్పాను.

పిన్నిగారు ఆ సాయంత్రమే కోడలిని పక్కన కూర్చోబెట్టుకుని తొమ్మిదింటినీ పరీక్ష చేశారట. ఏడింటికి తురాయిలు పాలిపోయి ఉన్నాయి, ఎముకలు బిగిసి ఉన్నాయి. వాటిలో అయిదు ఈకలు రాలుస్తున్నవే. గుడ్ల మీద ఉన్నవి రెండే. అందులో ఒకటి గూటిలో పెడుతోంది. రెండోదాని సరుకు పక్కవారి వాములో పదకొండు గుడ్లుగా దొరికింది. నీళ్ళలో వేస్తే సగం తేలాయి, పారేశారు. గిన్నె మూత ఎవరూ తీయలేదు. తన మీద అనుమానం వచ్చిందని ఆ పిల్లకు తెలియనే తెలియదు, తెలియనీయవద్దని నేనూ చెప్పాను. బాబాయిగారి కోత ప్రతిపాదన కూడా వీగిపోయింది. అయితే ఆ పిల్ల బడికి వెళ్ళవలసిన వేళ వాకిలి ఊడుస్తోందన్న మాట కూడా పిన్నిగారి చెవిన వేశాను. తల్లికి ఒళ్ళు కుదుటపడగానే మాన్పించి బడికి పంపారు.

గుడ్లు పెంచుకోవాలంటే దీపం పెట్టవచ్చు. అయిదు వాట్ల పసుపు ఎల్.ఇ.డి. బల్బు చిన్న గూటికి చాలు. వార్తాపత్రిక చదవగలిగేంత వెలుతురుంటే సరి. సాయంత్రం పూట పెట్టి టక్కున ఆర్పితే కోళ్ళు దండెం ఎక్కకుండానే చీకటిలో చిక్కుకుంటాయి. కనుక తెల్లవారుజామున పెట్టడం మేలు. వారానికి అరగంట చొప్పున ముందుకు జరుపుతూ పోయి మొత్తం 14 గంటలు చేయాలి. మొదలుపెట్టాక మధ్యలో మానకూడదు. నాలుగు రోజులు ఆపితే మళ్ళీ ఈకలు రాల్చడానికి దిగుతాయి. వైరు గడ్డికి తగలకుండా చూసుకోండి. ఆల్చిప్పల పొడి గాని, సున్నపురాయి నలగగొట్టి గాని విడిగా ఒక చిప్పలో ఉంచండి. ఒక్కో పెంకుకు 2 గ్రాముల కాల్షియం కావాలి. నూకలు, చోళ్ళతో పాటు చెదలో, ఎండు చేపల పొట్టో, వేరుశనగ పిండో పడితే ఈకల పని త్వరగా తెములుతుంది. ఇంట్లో తినడానికి నాలుగు పెట్టలు పెంచుకునేవారు మాత్రం దీపం జోలికి పోవద్దనే నా సలహా. ఏడాదంతా పనిచేసిన ప్రాణికి రెండు నెలల సెలవిస్తే మన సొమ్మేం పోయింది?

ఒక జాగ్రత్త. చలికాలపు తగ్గుదల మెల్లగా వస్తుంది, కోళ్ళు హుషారుగానే తిరుగుతుంటాయి. రెండు మూడు రోజుల్లో గుడ్లు ఒక్కసారిగా పడిపోయి, తోలుగుడ్లు వస్తూ, గురక, ఆకుపచ్చ రెట్ట, మెడ మెలితిరగడం కనిపిస్తే అది రాణిఖేత్ తెగులు. అప్పుడు ఈ వ్యాసం పక్కన పెట్టి పశువైద్యశాలకు పరుగెత్తండి.

గుడ్ల మీద బతికేవారి గోడు ఇంకొకటుంది. 1992లో నాబార్డ్ మొదలుపెట్టిన స్వయం సహాయక సంఘాల పథకం తర్వాత మన ప్రాంతాల్లో ఎందరో ఆడవారు పెరటి కోళ్ళకు అప్పులు తీసుకున్నారు. వరి అప్పు తీర్చడానికి కోతల దాకా గడువిస్తాం. కోళ్ళ అప్పుకు మాత్రం నెలనెలా సమాన వాయిదా వేస్తాం. డిసెంబరు, జనవరి నెలల్లో బజారులో గుడ్డు ధర ఎక్కువ పలుకుతుంది, వీరి బుట్టలో గుడ్డు ఉండదు. వాయిదా తప్పుతుంది. పుస్తకంలో ఎర్ర గీత పడుతుంది. మరుసటి అప్పుకు అదే అడ్డం. నేను పనిచేసిన ఒక శాఖలో రెండు సంఘాలకు ఆ రెండు నెలల వాయిదాలు తీసి మిగతా పదింటికి సర్దమని పైకి రాశాను. ఫారంలో అలాంటి గడి లేదని తిరుగు టపాలో జవాబొచ్చింది. పొద్దు పొడిచే వేళలు, పడమటి వేళలు పంచాంగం చూసి పట్టికగా రాసి, పశువైద్యుడి సంతకంతో మళ్ళీ పంపాను. మూడోసారికి ఒప్పుకున్నారు. ఆ సంఘాలలో మీరెవరైనా ఉంటే మీ శాఖ మేనేజరును అప్పు పత్రాలు రాసేటప్పుడే ఈ మాట అడగండి. సంతకాలయ్యాక అడిగితే వినేవారుండరు.