ముందు కట్ట తెంచండి, తర్వాతే మొక్క

నెల్లూరు తీరంలో మడ మొక్కలు నాటబోతున్న అధికారులకూ, కంపెనీలకూ, కాలేజీ పిల్లలకూ ఒకటే మాట. పాత రొయ్యల గుంట కట్టను అలాగే ఉంచి లోపల మొక్క పెడితే అది బతకదు. ఫొటో మాత్రం మిగులుతుంది.

కృష్ణపట్నం దగ్గర కండలేరు ఉప్పుటేరు, కింద స్వర్ణముఖి ముఖద్వారం. మడ పెరిగేది ఇలాంటి బురదల్లోనే. 1990ల్లో ఈ తీరమంతా రొయ్యల గుంటల కోసం కట్టలు లేచాయి. 1994లో తెల్లమచ్చల వైరస్ దెబ్బకి చాలామంది చేతులు కాల్చుకుని గుంటలు వదిలేశారు. కట్టల్ని మాత్రం ఎవరూ తీయలేదు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు పులికాట్ సరస్సుకు వెయ్యి మీటర్లలోపు రొయ్యల గుంటలు వద్దంది. 2005లో వచ్చిన చట్టం తీరంలో ఆక్వాకు రిజిస్ట్రేషన్ దారి తెరిచింది. తీర్పు ఉసురు అక్కడే సగం పోయింది.

కట్ట ఉన్నచోటికి పోటు రాదు, చేరిన నీళ్లు పాటుకు దిగవు. ఎండాకాలం ఆ నీళ్లు ఆవిరైతే నెర్రెలిచ్చిన బురద మీద ఉప్పు తెల్లగా అట్ట కడుతుంది. కాలు పెడితే కరకరలాడుతుంది. మడ ఉప్పుకు ఓర్చే చెట్టే గానీ, సముద్రాన్ని మించిన ఉప్పులో లేత మొక్క నిలవదు. నిలవ నీళ్లలో మునిగితే శ్వాసవేళ్లకు ఊపిరందదు.

గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో స్వామినాథన్ ఫౌండేషన్, అటవీ శాఖ దారి చూపాయి. ఏటికి కలుపుతూ ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా చేపముల్లులా ఏటవాలుగా చిన్న కాలువలు తవ్వారు. పోటుకు నీళ్లెక్కాలి, పాటుకు దిగిపోవాలి. ఉప్పు కడుక్కుపోయాకే మొక్క. దగ్గర్లో తల్లిచెట్లుంటే మొక్క కూడా అక్కర్లేదు, గింజలను పోటే మోసుకొస్తుంది. శ్రీలంకలో సునామీ తర్వాత నేల చూడకుండా నాటిన మడ మొక్కల్లో చాలా భాగం చచ్చిపోయాయి. ఐర్లండులో ఎండిపోయిన పీట్ (నాచు కుళ్లిన చిత్తడి) నేలలను బాగుచేసేవాళ్లు కూడా ముందు నీటి సంగతే చూస్తారు. అక్కడ నీళ్లు పారిపోయే కాలువలకు అడ్డు వేస్తారు, మనం ఇక్కడ అడ్డు తీయాలి.

తుఫాను అలల ముందు మడే మనకు అడ్డు. 1984లో శ్రీహరికోట మీదికీ, 1989లో కావలి మీదికీ పెనుతుఫాను వచ్చింది నవంబరులోనే. వదిలేసిన గుంటల కట్టలు ఎవరివో రెవెన్యూ, అటవీ శాఖలు కలిసి ఇప్పుడే సర్వే చేయాలి, తెంచాలి. పూడిక మట్టి ఏటిగట్టున పోయకండి. మడ నేలలో సరుగుడు పెట్టకండి. నాటే కార్యక్రమానికి పిలుపొస్తే వెళ్లేముందు అడగండి: ఇక్కడికి పోటు వస్తుందా, పాటుకు దిగుతుందా? జవాబు లేకపోతే వెళ్లొద్దు.